కేసు కొట్టేయలేదండీ

పోయిన ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం మా పాత స్కూలు లెక్కల టీచరు ఫోన్ చేసింది. "మేడం, విన్నారా? సార్‌కి హైకోర్టులో కేసు కొట్టేశారంట. ఇంటికొచ్చేశారు" అంది. సార్ అంటే, మా స్కూలు పాప మీద చెయ్యి వేశాడని కింది కోర్టు శిక్ష వేసిన మాస్టారు. ఆవిడ గొంతులో సంతోషం దాచుకోలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పదిహేనేళ్ళు ఒకే స్టాఫ్ రూంలో పక్క పక్కన కూర్చున్న మనిషి జైల్లో ఉంటే ఎవరికైనా బాధే. కానీ ఆ మాట విన్నాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే తెలిసిన ప్లీడరు గారికి ఫోన్ చేసి కనుక్కోమన్నాను. సాయంత్రానికి ఆయన చెప్పారు.

కేసు కొట్టేయలేదండీ. ఆయన వేసుకున్న అప్పీలును హైకోర్టు విచారణకు తీసుకుంది. అది తేలేలోపు శిక్ష అమలును నిలిపి, పూచీకత్తు మీద బయటికి పంపింది. దానికి చట్టంలో వీలుంది. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 389వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 430. నిలిచింది శిక్ష అమలు మాత్రమే. నేరం చేశాడని కింది కోర్టు ఇచ్చిన తీర్పు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఆ తీర్పును కూడా ఆపాలంటే విడిగా అడగాలి, కోర్టు విడిగా ఆర్డరివ్వాలి. అది చాలా అరుదు. అంటే ఈ రోజుకీ చట్టం దృష్టిలో ఆయన దోషే. బయట ఉన్న దోషి.

ఈ తేడా మా టీచర్లకు తెలియదు. ఆ పాప ఉండే వీధిలోనూ ఎవరికీ తెలియదు. అందరి నోటా ఒకటే మాట, కేసు కొట్టేశారట. దాని వెనకే ఇంకో మాట, అంటే ఆ పిల్ల అబద్ధం చెప్పిందన్నమాట.

అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పాప ఎవరో తెలిసే వివరమేదీ ఇందులో ఉండదు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం అలా బయటపెట్టడాన్ని నేరంగా చూస్తుంది, అది సరైనదే. ఊరు గుంటూరు అని మాత్రం చెప్తాను, ఇక్కడ స్కూళ్ళు వందల్లో ఉన్నాయి కాబట్టి. ఏ తరగతో, ఏ సంవత్సరమో, వాళ్ళమ్మ ఏ పని చేస్తుందో రాయను. ఆ మాస్టారు పేరూ రాయను, ఆయన పేరు చెబితే పాప పేరు చెప్పినట్టే. నేను ఆ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాను. ఈ కేసులో సాక్షిని కూడా. ఏం సాక్ష్యం చెప్పానో తర్వాత చెప్తాను, ఎందుకంటే నన్ను తినేస్తున్నది అదే.

మా ఇంట్లోనే నాకు ఎదురయ్యే వాదన ఇంకొకటి ఉంది. మా మరిది గారు అంటారు, "ఇలాంటి వాళ్ళకు అప్పీలేంటి వదినా? లోపలేసి తాళం పారెయ్యాలి." మాట వినడానికి కడుపు చల్లగా ఉంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. విజయవాడ, గుంటూరు వాళ్ళం మనం అస్సలు ఒప్పుకోకూడదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిని చంపేసిన కేసు మన వాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. 2008లో ఒక పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. అసలు దోషి అతను కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటి నుంచీ మొత్తుకున్నారు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్ళు దాటిపోయాయి. అప్పీలు లేకపోతే అతను మరిన్ని ఏళ్ళు లోపలే ఉండేవాడు, అసలు వాడు దొరికినట్టు మనం నిశ్చింతగా ఉండేవాళ్ళం. కాబట్టి మా మాస్టారు అప్పీలు వేసుకోవడం ఆయన హక్కు. మంచి లాయరును పెట్టుకోవడం హక్కు. లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే ప్రభుత్వమే ఉచితంగా పెట్టాలి. ఇందులో నాకు ఏ పేచీ లేదు.

నా పేచీ మనతోనే. అప్పీలు నడుస్తున్నంత కాలం పాపను బోనులో నిలబెట్టే మనతో.

ఆ ఫోన్ వచ్చిన వారానికి ఇద్దరు పాత సహోద్యోగులు బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చారు. కాఫీలయ్యాక ఒక కాగితం తీశారు. ఆయన సత్ప్రవర్తన కలవారని, ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క ఫిర్యాదు కూడా లేదని, పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకునేవారని రాసి ఉంది. కింద వరసగా సంతకాలు. నేను పాఠాలు చెప్పి, తర్వాత టీచర్లైన ఇద్దరి సంతకాలు కూడా ఉన్నాయి. "మీరు పెడితే బరువుంటుంది మేడం. అప్పీలుకు పనికొస్తుంది" అన్నారు. అప్పీలు ఖర్చులకు తలా కొంత వేసుకుంటున్నామని కూడా చెప్పారు.

డబ్బు ఇవ్వడం మీ ఇష్టం, అది తప్పని నేననను, సంతకం మాత్రం పెట్టను అన్నాను. వాళ్ళు నొచ్చుకున్నారు. ఆయన స్టాఫ్ రూంలో ఎలా ఉండేవాడో నాకు తెలుసు. మర్యాదస్తుడు. పదో తరగతి రిజల్ట్స్ కోసం ఆదివారాలు కూడా వచ్చేవాడు. నా చెల్లెలు పెళ్ళికి వచ్చి వడ్డన చేశాడు. ఇవన్నీ నిజాలే. అయితే ఇవన్నీ మా ఎదుట జరిగినవి. మా ఎదుట జరగనిది ఒకటి ఉంది, దాన్ని చూసింది ఆ పాప ఒక్కతే. మాకు తెలిసిన దాంతో మాకు తెలియని దాన్ని కొట్టిపారేసే కాగితం మీద సంతకం ఎలా పెడతాను? పైగా కింద పది పదిహేను మంది టీచర్ల పేర్లున్న కాగితం కోర్టుకు పనికొస్తుందో రాదో గానీ, ఆ స్కూల్లో ఇప్పుడు చదువుతున్న పిల్లలకు మాత్రం తప్పకుండా చేరుతుంది. రేపు ఇంకో పిల్లకు ఏదైనా జరిగితే, ఎవరికి చెప్పకూడదో ఆ లిస్టు చూసి తెలుసుకుంటుంది.

ఇక కేసు సంగతి. స్కూలు సిబ్బందిలో ఒకడు ఆ స్కూలు పిల్ల మీద చెయ్యి వేస్తే పోక్సో చట్టం దాన్ని మామూలు నేరం కంటే పెద్దదిగా చూస్తుంది. బయటివాడికి మూడు నుంచి ఐదేళ్ళు పడే నేరానికి టీచరైతే ఐదు నుంచి ఏడేళ్ళు. అంతకంటే దారుణమైన నేరానికైతే, 2019 సవరణ తర్వాత కనీసం 20 ఏళ్ళు. ఎందుకు ఈ తేడా అని కొందరు అడుగుతారు. ముప్పై ఏళ్ళు బడిలో ఉన్నదాన్ని, నాకు ఆ ప్రశ్నే అర్థం కాదు. బయటివాడు పిలిస్తే పిల్ల పారిపోతుంది. మాస్టారు పిలిస్తే నోట్‌బుక్ పట్టుకుని లేచి వెళ్తుంది. అలా వెళ్ళడం నేర్పింది మనమే. మా కేసులో కింది కోర్టు ఐదేళ్ళు వేసింది.

అప్పీలులో రాసిన కారణాలు ప్లీడరు గారు నాకు చదివి వినిపించారు. చాలా వరకు ఊహించినవే. వైద్య పరీక్షలో గాయాలు లేవు. (చెయ్యి వేసిన కేసులో గాయం ఎక్కడి నుంచి వస్తుంది?) పోలీసులకు చెప్పినదానికి, మేజిస్ట్రేటు దగ్గర చెప్పినదానికి, కోర్టులో చెప్పినదానికి చిన్న చిన్న తేడాలున్నాయి. మార్కులు తక్కువ వేశాడన్న కక్షతో కేసు పెట్టింది. మార్కుల మీద కోపం వచ్చిన పిల్లలు ఏం చేస్తారో నాకు తెలుసు. నిక్‌నేమ్ పెడతారు, బాత్రూం గోడ మీద రాస్తారు, ఒకడు నా స్కూటీ గాలి తీశాడు. ఆ కోపంతో పోలీస్ స్టేషనుకి, ఆసుపత్రికి, మేజిస్ట్రేటు దగ్గరికి, మళ్ళీ ఏళ్ళ తరబడి కోర్టుకి తిరిగిన పిల్లను నేనైతే చూడలేదు. సరే, అది తేల్చేది నేను కాదు, కోర్టు.

వయసు కూడా ఒక కారణంగా రాశారు. నేను సాక్షినైంది అక్కడే. పాప పుట్టిన తేదీ రుజువు చేయడానికి అడ్మిషన్ రిజిస్టర్ తెమ్మని సమన్లు వచ్చాయి. బైండింగు ఊడిపోతే దారంతో కుట్టించిన ఆ లావుపాటి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో గుంటూరు జిల్లా కోర్టుకు వెళ్ళాను. బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాను. లోపలికెళ్ళాక అవతలి లాయరు గారు అడిగింది ఒకటే. "ఈ తేదీ ఏ ఆధారంతో రాశారు?" ఎలిమెంటరీ స్కూలు టి.సి. చూసి రాశామన్నాను. "అంటే మీకు స్వయంగా తెలియదు" అన్నారు. తెలియదన్నాను. నిజమే కదా. పేరు, తండ్రి పేరు, రెండు పుట్టుమచ్చలు, తేదీ, అన్నీ ఆ టి.సి.లోంచి ఎక్కించినవే. తర్వాత ఆ ఎలిమెంటరీ స్కూలు హెడ్‌మాస్టరు గారు వాళ్ళ రిజిస్టర్ తెచ్చి చూపించారు కాబట్టి సరిపోయింది. వట్టి టి.సి. చాలదని 2023 జులైలో సుప్రీంకోర్టు తమిళనాడు కేసు ఒకదానిలో తేల్చి, ఆ కేసులో శిక్ష పడిన మనిషిని వదిలేసింది. వయసు తేల్చడానికి స్కూలు ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్టో, పదో తరగతి సర్టిఫికెట్టో ముందు చూడాలి, అవి లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. మన బడుల్లో సగం మంది పిల్లల పుట్టినరోజులు జూన్ నెలలోనే ఎందుకుంటాయో మనకు తెలుసు. ఒకటో తరగతికి ఐదేళ్ళు నిండాలని మనమే వేసిన లెక్కలవి. చేతికొచ్చిన తేదీ వేసిన ఆ ఒక్క గడి మీద పదేళ్ళ తర్వాత ఒక కేసు నిలబడొచ్చు, పడిపోవచ్చు.

అన్నిటికంటే పెద్ద కారణంగా వాళ్ళు రాసింది జాప్యం. నేరం జరిగిందంటున్న రోజుకీ ఫిర్యాదు చేసిన రోజుకీ మధ్య దాదాపు రెండు నెలలు. నిజంగా జరిగి ఉంటే వెంటనే ఎందుకు చెప్పలేదు?

ప్లీడరు గారు ఆ వాక్యం చదివేసి తర్వాతి పేజీ తిప్పారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఎందుకంటే ఆ పిల్ల చెప్పింది. నాకే చెప్పింది. ఒకరోజు లంచ్ టైములో నా గది గుమ్మం దగ్గర నిలబడి, "మేడం, నన్ను బి సెక్షన్‌కి మార్చండి" అంది. ఎందుకమ్మా అంటే చేతిలో రబ్బర్ బ్యాండు తిప్పుతూ నిలబడింది. ఫ్రెండ్సుతో గొడవేమో అనుకున్నాను. "పరీక్షలు ఇంకా రెండు నెలలే కదమ్మా, ఇప్పుడు మారితే నీకే ఇబ్బంది" అని పంపేశాను. తర్వాత ఆ పిల్ల తలనొప్పని ఇంటికి పంపమనడం ఎక్కువైంది. క్లాస్ టీచరు ఆ సంగతి నాతో అంది కూడా. వారంలో ఏ రోజుల్లో తలనొప్పి వస్తోందో, ఆ రోజుల్లో ఆఖరి పీరియడ్ ఎవరిదో టైంటేబుల్ పక్కన పెట్టుకుని చూసి ఉంటే ఐదు నిమిషాల్లో నాకు తెలిసేది. టైంటేబుల్ నా కుర్చీ వెనక గోడకే అతికించి ఉంది.

అప్పీలు కాగితంలో దాన్ని ‘ఫిర్యాదులో జాప్యం’ అన్నారు. ఆ జాప్యం పిల్లది కాదు. నాది.

పంజాబ్‌లో 1984 మార్చి 30న పదో తరగతి పరీక్షలు రాస్తున్న ఒక అమ్మాయిని ఎత్తుకెళ్ళారు. మర్నాడు తెల్లవారాక వదిలేస్తే, ఆ పిల్ల నేరుగా పరీక్ష హాలుకి వెళ్ళి ఆ రోజు పరీక్ష రాసి, ఆ తర్వాత ఊరెళ్ళి వాళ్ళమ్మకు చెప్పింది. దారిలో ఎవరికీ ఎందుకు చెప్పలేదని కింది కోర్టు అనుమానించి నిందితుల్ని వదిలేసింది, పిల్ల నడవడిక మీద కూడా మచ్చ వేసింది. 1996 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసి, వాళ్ళకు శిక్ష వేసింది. ఇలాంటి కేసుల్లో ఆలస్యాన్ని మామూలు కేసుల్లాగా చూడకూడదని, నమ్మదగ్గదిగా ఉంటే బాధితురాలి మాట ఒక్కటే చాలని, చిన్న చిన్న తేడాలకు విలువివ్వద్దని చెప్పింది. ఇప్పటికీ ఇలాంటి అప్పీళ్ళలో ఆ తీర్పును ఉదహరిస్తూనే ఉంటారు. లాయర్లు అందులో న్యాయసూత్రాలు చూస్తారు. నాకు మాత్రం ఆ పరీక్ష పేపరు ముందు కూర్చున్న పిల్లే కనిపిస్తుంది. ఆ హాల్లో ఒక ఇన్విజిలేటరు ఉండే ఉంటారు. నాలాంటి వాళ్ళే. హాల్ టికెట్ చూసి ముందుకెళ్ళిపోయి ఉంటారు.

అప్పీలు ఎలా జరుగుతుందో తెలిస్తే నా బాధ అర్థమవుతుంది. హైకోర్టులో మామూలుగా మళ్ళీ సాక్షుల్ని పిలవరు. పాపను పిలవరు, నన్ను పిలవరు. కింది కోర్టులో టైపు చేసిన కాగితాలే అక్కడికి వెళ్తాయి. జడ్జి గారు వాటినే చదువుతారు. పిల్ల మాట్లాడలేక ఆగిపోయిన క్షణాలు కాగితం మీద కనిపించవు. కాగితం మీదికి రాని మాట అసలు లేనట్టే. నేను బోనులో నిలబడ్డప్పుడు పుట్టిన తేదీ గురించి అడిగారు, పుట్టిన తేదీ చెప్పాను. బి సెక్షన్ గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అంతకుముందు పోలీసులు స్కూలుకి వచ్చినప్పుడు కూడా చెప్పలేదు. భయమేసింది. తెలిసీ రిపోర్టు చేయని స్కూలు పెద్దకు పోక్సోలో ఏడాది దాకా జైలు ఉంది. నాకు తెలియదు కదా, అనుమానం కూడా రాలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమే. కానీ నేను చెప్పి ఉంటే ఆ రెండు నెలలకు రికార్డులో ఒక అర్థం ఉండేది. ఇప్పుడు ఖాళీ మాత్రమే ఉంది, ఆ ఖాళీలో అవతలి లాయరు గారు ‘కక్ష’ అని రాసుకున్నారు.

కాగితాన్ని ఒక్కో జడ్జి ఒక్కోలా చదవొచ్చు కూడా. 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి ఇలాగే దోషి వేసుకున్న అప్పీలులో, పన్నెండేళ్ళ పిల్లను బట్టల మీద నుంచి తాకితే పోక్సో వర్తించదని చెప్పి, మూడేళ్ళ శిక్షను ఏడాదికి దించింది. అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. చూడాల్సింది తాకినవాడి ఉద్దేశాన్ని, మధ్యలో బట్ట ఉందా లేదా అని కాదు అంది. సాక్ష్యం అదే, కాగితాలు అవే.

మధ్యలో రాజీ మాట కూడా వచ్చింది. ఎవరు తెచ్చారో చెప్పను. "పాప పెళ్ళి కావాల్సింది కదమ్మా, కోర్టుల చుట్టూ ఎందుకు, ఏదో చూసుకుందాం" అని వాళ్ళమ్మ దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడారట. ఆవిడ నాకు ఫోన్ చేసి, "మేడం గారూ, కేసు పోయినట్టేనా ఇంక?" అని అడిగింది. రాజస్థాన్‌లో ఒక ప్రభుత్వ టీచరు మీద విద్యార్థిని తండ్రి కేసు పెట్టి, తర్వాత రాజీ పడితే హైకోర్టు ఎఫ్ఐఆర్ కొట్టేసింది. ఆ ఊరివాళ్ళు ఊరుకోకుండా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ రాజీ చెల్లదని, ఇది ఇద్దరి మధ్య సొంత తగాదా కాదని చెప్పి కేసును మళ్ళీ నిలబెట్టింది. ఈ సంగతి ఆవిడకు రెండుసార్లు చెప్పాను. సుప్రీంకోర్టుకు వెళ్ళింది ఇంటి వాళ్ళు కూడా కాదు, ఊరి వాళ్ళు అన్నప్పుడు ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు.

అప్పీలు పడిందన్న సంగతి ఆవిడకు చెప్పాల్సిన వాళ్ళెవరూ చెప్పలేదు. టీ కొట్టు దగ్గర విన్నదట. 2020 పోక్సో నిబంధనల ప్రకారం నిందితుడి బెయిలు, విడుదల లాంటివన్నీ పిల్ల ఇంటివాళ్ళకు పోలీసులు తెలియజేయాలి. కేసు ఏ దశలో ఉన్నా బాధితులకు తమ మాట చెప్పుకునే హక్కుందని 2022 ఏప్రిల్‌లో లఖింపుర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చెప్పుకోవాలంటే ముందు తెలియాలి కదా. బయటికొచ్చిన మనిషి వీధి చివర ఎదురుపడ్డ రోజున తెలిస్తే ఏం చెప్పుకుంటారు?

జూన్‌లో ఆవిడా నేనూ హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్ళాం. గుంటూరులో బస్సెక్కి తాడికొండ మీదుగా తుళ్ళూరు, అక్కడి నుంచి ఆటో. 1954 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు మన గుంటూరులోనే ఉండేదని మా నాన్నగారు గొప్పగా చెప్పేవారు. తర్వాత హైదరాబాదు పోయి, 2019లో మళ్ళీ ఈ వైపు వచ్చింది. హైదరాబాదే అయితే ఆవిడ రోజు కూలి వదులుకుని వెళ్ళేది కాదు. పోక్సో కేసులో పిల్ల తరఫున సొంత లాయరును పెట్టుకోవచ్చు, స్తోమత లేకపోతే లీగల్ సర్వీసెస్ వాళ్ళే పెట్టాలి. చట్టంలో 40వ సెక్షనే అది. అప్లికేషను రాసిచ్చి వచ్చాం. ఫోన్లో ఈకోర్ట్స్ యాప్ వేసి కేసు నంబరు ఎక్కించాను. ఇప్పుడు ప్రతి సోమవారం ఆవిడే చూసుకుని నాకు చెప్తుంది.

వాళ్ళకు కుదిరిన కొత్త లాయరమ్మకు నేను మూడు పేజీలు రాసిచ్చాను. బి సెక్షన్, తలనొప్పులు, టైంటేబుల్, అన్నీ. ఆవిడ చదివి, అప్పీలులో కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం కోర్టుకు ఉంది గానీ, ముందు వదిలేసిన ఖాళీలు పూడ్చుకోవడానికి మామూలుగా ఒప్పుకోరని చెప్పింది. "అప్పుడే చెప్పి ఉండాల్సింది మేడం" అంది, మెత్తగానే. కాగితాలు ఫైల్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రం పాప ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు నా కంటే పొడవైంది. టీ ఇచ్చి ఎదురుగా కూర్చుని అడిగింది. "మళ్ళీ నేను కోర్టుకి రావాలా మేడం?"

అక్కర్లేదమ్మా అన్నాను. నువ్వు చెప్పిందంతా రాసి ఉంది, అదే చదువుతారు అన్నాను.

"మీరు చెప్పింది కూడా ఉంటుందా?"

ఉంటుంది, నీ పుట్టిన తేదీ అన్నాను.